ఒజియాలో కొనేముందు మా ఆవిడను అడగండి

ఒజియా చిజిమి, అంటే నీగాతా ప్రాంతంలోని ఒజియా ఊరి పేరుతో వచ్చే ముడతల వేసవి బట్ట, కొనాలని జపాన్ వెళ్లేవారికి ఒక్క మాట: "చేనేతేనా?" అంటే దుకాణదారు తలూపినంత మాత్రాన డబ్బు తీయకండి. నీగాతాలో మేం వెళ్లిన దుకాణంలో ఆయన రెండుసార్లు ఊపాడు. కండువా 13,200 యెన్లు. మా ఆవిడ పుట్టిల్లు పోచంపల్లి, ఆసు పోసే ఇంట పెరిగిన మనిషి. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టింది. పోగు ఎక్కడా సన్నమూ లావూ కాలేదు. "మిల్లు నూలు, మరమగ్గం" అని తేల్చేసింది. గట్టిగా అడిగితే మడతలో దాగిన చీటీ బయటపడింది: సగం పాలిస్టర్. క్షమాపణ మాత్రం నడుము వంచి మరీ చెప్పాడు!

మరమగ్గం చిజిమి తప్పేమీ కాదు. గట్టిగా పురి పెట్టిన పేక నూలు తడిలో ముడుచుకుని సన్నటి ముడతలు తేలతాయి కాబట్టి చెమటకు ఒంటికి అంటుకోదు. దాన్ని చేనేత ధరకు అమ్మడమే మోసం. అసలు సరుకుకు రామీ అనే మొక్క నారను గోటితో చీల్చి, కొసలు కలిపి పోగు తీస్తారు. నడుముకు పట్టీ కట్టుకుని నేలమగ్గం మీద నేస్తారు. ఆ ప్రాంతపు మరో రామీ బట్ట ఎచిగో జోఫుతో పాటు 2009లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది ఈ నేత విద్యే. కిమోనో తాను ధర లక్షల యెన్లలో ఉంటుంది. అద్దకానికి ముందు పోగులకు కట్టిన ముడులు చూశాక, అచ్చం మన ఇక్కత్తే అంటూ మా ఆవిడ కాస్త మెత్తబడింది.

టోక్యో నుంచి ఆ వైపు స్టేషన్ ఎచిగో-యుజావాకు షింకన్‌సెన్‌లో గంటన్నర లోపే. బస 8,500 యెన్లు, వెచ్చగా ఉంది, అంతే. వెళితే ఫిబ్రవరి, మార్చిలోనే వెళ్లండి. షియోజావా వైపు పొలాల్లో ఎండకాసిన రోజున తానులను మంచు మీద బారుగా పరుస్తారు. మంచు కరుగుతూ ఆవిరవుతుంటే పుట్టే ఓజోన్ బట్టకు తెలుపు తెస్తుందట. వేసవి బట్టకు ఇంత చలి కావాలి! దారిన నిలబడి చూసినందుకు ఎవరూ టికెట్టు అడగలేదు.

ఒజియాలో హెగి సోబా అనే సేమియా వంటకం తినకుండా రావద్దు. పడుగుకు గంజిగా వాడే ఫునోరి అనే సముద్రపు నాచునే ఈ పిండిలోనూ కలుపుతారు. అందుకే సేమియా జారుడుగా, కొరికితే సాగుతూ ఉంటుంది. చెక్క పళ్లెంలో ముద్దకొక చుట్ట చొప్పున పేర్చి, పక్కన ఆవముద్ద పెట్టారు. ఇద్దరికీ 2,600 యెన్లు. శాకాహారులు జాగ్రత్త, నంచుకునే పులుసులో చేప ఉంటుంది. కండువా కోపమంతా పళ్లెం మీద చూపించి, మా ఆవిడ నా వాటా చుట్టలు కూడా లాగేసుకుంది.