చిరుత తిరిగే చోట ఏది పనికొస్తుంది: జాలీ కప్పు, సెన్సర్ లైటు, మిణుకు లైట్లు, సోలార్ కంచె

చేతిలో ఒక్కదానికే డబ్బుంటే మేకల దొడ్డికి పైన జాలీ వేయించండి. లైట్లు తర్వాత కొనుక్కోవచ్చు. శేషాచలం కింద తోట ఇళ్లలో ఈ నాలుగింటినీ ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇదే. ఎండలు, ముసురు, కోతులు అన్నీ వాటిమీదుగా పోయాయి. అమ్మేవాళ్లు మాత్రం వరస తిప్పి చెబుతారు: ముందు లైటు, తర్వాత కంచె, జాలీ ఊసే ఉండదు. జాలీలో డబ్బు వెల్డింగ్ మేస్త్రీకి పోతుంది కదా, దుకాణానికి మిగిలేదేముంది?

ఇది కొండ కింద ఊళ్లకే పరిమితమైన గొడవ కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప చనిపోయిన సంగతి అందరికీ తెలుసు. 2024 మేలో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక చిరుత బోనులో పడింది. అదే ఏడాది సెప్టెంబరులో రాజమహేంద్రవరం పక్కన దివాన్‌చెరువు దగ్గర కనపడిన చిరుత చివరికి కడియం వైపు చిక్కింది. 2025 ఏప్రిల్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఇంకొకటి. దాక్కోవడానికి పొద, తినడానికి కుక్కో పందో ఉంటే ఊరి పక్కనైనా బతికే జంతువు అది.

జాలీ సంగతి. ఎనిమిదడుగుల గోడ చిరుతకు ఒక లెక్క కాదు, పక్కన చెట్టుంటే గోడ ఎంత ఎత్తైనా ఒకటే. కాబట్టి గోడ ఎత్తు పెంచడం దండగ, కప్పు మూయాలి. పెద్ద మేకకు పదీ పదకొండు చదరపు అడుగుల చొప్పున పద్దెనిమిది మేకలకు 12 అడుగులు × 16 అడుగుల దొడ్డి చాలు. మనిషి వంగకుండా తిరగడానికి ఏడడుగుల ఎత్తు. నాలుగు పక్కలా కలిపి 392 చదరపు అడుగులు, పైకప్పు 192, మొత్తం 584. అంచులు మడవడానికి, అతుకులకు ఇంకో పదో వంతు కలుపుకుని 640 తీసుకోండి. నడుము ఎత్తు దాకా రాతిగోడ ఇప్పటికే ఉంటే అంత మేర తగ్గుతుంది.

చైన్‌లింక్ జాలీ రెండంగుళాల కన్ను, 10 గేజ్ తీగ ఉండాలి. దుకాణంలో ముందు చూపించేది 12 గేజ్. అది కోళ్లకు సరిపోతుంది, ఇక్కడ పళ్లకు, గోళ్లకు సాగిపోతుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని తెలియక 12 అడిగి తీసుకెళ్లేవాళ్లు చాలామంది. నాలుగంగుళాల కన్ను చవకే గానీ పంజా లోపలికి పట్టేస్తుంది. జాలీకి ఆనుకుని పడుకున్న మేక కాలు దొరికితే బయటినుంచే లాగుతుంది. రెండంగుళాల కన్ను వేసినా కింద మూడడుగుల మేర రేకు కొట్టడం మంచిది. లోపలి మేకలు బయటికి కనపడవు, అసలు ప్రయత్నమే తగ్గుతుంది.

స్తంభాలకు 40 × 40 × 5 మిల్లీమీటర్ల యాంగిల్, ఆరడుగులకొకటి, రెండడుగుల లోతున కాంక్రీటులో. మగ చిరుత యాభై నుంచి డెబ్బై కిలోలు ఉంటుంది. అది చెట్టు మీంచి దూకితే వట్టి జాలీ మధ్యలో కిందికి సాగి, అంచు దగ్గర కట్లు తెగుతాయి. అందుకే పైకప్పు జాలీ కింద రెండడుగులకొకటి చొప్పున 8 మిల్లీమీటర్ల చువ్వలు వెల్డింగ్ చేయించాలి. జాలీని చువ్వలకు బైండింగ్ వైరుతో కట్టి వదిలేస్తారు మేస్త్రీలు. రెండు వానాకాలాలకు ఆ వైరు తుప్పు పట్టి చేత్తో తుంపితే తునుగుతుంది. ఫ్లాట్ పట్టీ పెట్టి వెల్డింగ్ చేయమని పని మొదలుపెట్టకముందే ఒప్పుకోండి, తర్వాత అడిగితే కూలి పెరుగుతుంది.

ఎక్కువ దొడ్లు దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి రేకుల కప్పుకూ గోడకూ మధ్య గాలికోసం వదిలిన సందు. తల పడితే ఒళ్లు పడుతుంది. రెండోది తలుపు. తలుపు కింద మూడంగుళాలకు మించి సందు ఉండకూడదు. గడియ పైనొకటి, కింద ఒకటి పెట్టించాలి. ఒక్క గడియే ఉంటే తలుపు మూల వంగుతుంది. లోపలికి దూరిన చిరుత ఒక్క మేకతో ఆగదు. మేకలు బెదిరి గింగిర్లు తిరుగుతుంటే దొరికినదాన్నల్లా కొరుకుతుంది. తెల్లారి చూస్తే తిన్నది ఒకటీ ఉండదు, చచ్చినవి అరడజను. ఈ ఒక్క కారణం చాలు, జాలీ ఖర్చుకు వెనకాడక్కర్లేదనడానికి.

సెన్సర్ లైటు రెండో స్థానం, అదీ మనిషి కోసం. చిరుతను తరమడానికని కొంటే నిరాశే. రాత్రి దొడ్డికి, మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు ముందు వెలుగు పడాలి, అక్కడ ఏముందో కనపడాలి, అంతే దాని పని. ఏడెనిమిది అడుగుల ఎత్తున బిగించండి. సెన్సర్ అడ్డంగా దాటే కదలికను బాగా పడుతుంది, ఎదురుగా నేరుగా వచ్చేదాన్ని ఆలస్యంగా పడుతుంది. కాబట్టి దారికి ఎదురుగా కాకుండా పక్కగా ఉంచాలి. పెట్టె మీద ఎంత దూరం రాసినా ఎనిమిది, పది మీటర్లకు మించి నమ్మకండి. మన వేసవిలో ఇంకో తిరకాసుంది. ఈ సెన్సర్ ఒంటి వేడికీ చుట్టుపక్కల వేడికీ ఉన్న తేడాను పడుతుంది. మేలో సాయంత్రం ఏడు దాటినా గోడలు సెగలు కక్కుతుంటే ఆ తేడా తగ్గి, లైటు వెలగడం మానేస్తుంది. చెడిపోయిందని వెనక్కి పంపకండి, రాత్రి చల్లబడ్డాక మళ్లీ పనిచేస్తుంది. రాత్రంతా వెలిగే తెల్ల లైటు కంటే ఇదే మేలు. తెల్ల వెలుగుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు వస్తాయి.

మిణుకు లైట్లకు మూడో స్థానం. ఈ ఆలోచనకు పేరు తెచ్చింది కెన్యాలో నైరోబీ నేషనల్ పార్కు పక్కన పశువులు కాచుకునే రిచర్డ్ టురెరె అనే మసాయి కుర్రాడు. కారు బ్యాటరీ, ఇండికేటర్ డబ్బా, టార్చి బల్బులతో సింహాలను ఆపాడు. మనిషి టార్చి పట్టుకుని తిరుగుతున్నట్టు కనపడాలన్నదే అందులో కిటుకు. చవక లైట్లు ఒకే లయలో కొట్టుకుంటాయి. కొన్నాళ్లకు చిరుత వాటిని పట్టించుకోదు. వేళాపాళా లేకుండా, రంగు మార్చి వెలిగేవే కొనండి, పది రోజులకోసారి చోటు మార్చండి. ఎత్తు రెండున్నర, మూడడుగులు. చిరుత భుజం ఎత్తే రెండడుగుల పైచిలుకు. స్తంభం పైన కట్టిన లైటు పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టడానికి తప్ప దేనికీ కాదు. దొడ్డికి నాలుగు వైపులా బయటికి చూస్తూ ఉండాలి.

వీటిలో తరచూ కనపడే లోపం ఒకటి మరమ్మతు చేసేవాళ్లకు కూడా అంతుపట్టదు. చీకటి పడిందని లైటుకు తెలిసేది దాని సోలార్ పలక ద్వారానే. వీధి దీపమో, పైన చెప్పిన సెన్సర్ లైటో దానిమీద పడితే పగలనుకుని ఆరిపోతుంది. రెండూ పెట్టుకునేవాళ్లు ఒకదాని వెలుగు రెండోదాని పలకమీద పడకుండా చూసుకోవాలి. పలక దక్షిణానికి, పదిహేను డిగ్రీల వాలు. వారానికోసారి తుడవాలి. ముసురు పట్టిన రోజుల్లో అర్ధరాత్రికే ఛార్జి అయిపోతుంది, చిరుత తిరిగే తెల్లవారుజాముకు చీకటే. బ్యాటరీ రెండు మూడేళ్లకు పోతుంది, విప్పి మార్చుకునే వీలున్న మోడలే తీసుకోండి. కోతులున్న ఊళ్లో పలకను రేకు చట్రంలో బిగించకపోతే అంతకుముందే పోతుంది.

సోలార్ కంచె చిరుత కోసమైతే వద్దు. అడవిపందులు, ఏనుగులకు అది మంచి సామాను. తీగమీద కనీసం నాలుగు వేల వోల్టులు రావాలి, మూడు ఎర్త్ కడ్డీలు తేమ నేలలో దిగాలి, గడ్డి తీగకు తగలకుండా కోస్తూ ఉండాలి. ఇంత చేసినా చిరుత పైనుంచి దూకుతుంది. ఇక కరెంటు లైను నుంచి నేరుగా తీగకు కలపడం నేరం. చచ్చేది ఎక్కువగా పక్క పొలం రైతో, తెల్లవారకముందే బయటికెళ్లిన ఇంటివాళ్లో. ఉచ్చులూ అంతే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు చిరుత. బోను పెట్టే అధికారం కూడా అటవీశాఖదే.

వినపడని శబ్దంతో జంతువులను తరుముతాయని అమ్మే డబ్బాలు కొనకండి. వాటిలో విశేషమేమీ లేదు.

డబ్బు పెట్టక్కర్లేని పనులు వీటన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తాయి. ఇంటి చుట్టూ ముప్ఫై మీటర్ల మేర సర్కారు తుమ్మ, లాంటానా పొదలు కొట్టేయండి. కోడిమాంసం దుకాణాల వ్యర్థం ఊరి చివర పారబోస్తే కుక్కలు మూగుతాయి, కుక్కలకోసం చిరుత వస్తుంది. పంచాయతీలో పట్టుబట్టాల్సింది దీనిమీద. కాపలాకని కుక్కను దొడ్డి బయట గొలుసుతో కట్టేస్తే అది కాపలా కాదు, ఎర. రాత్రి దాన్నీ లోపలికి తేవాలి. పొద్దుగుంకాక పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపకూడదు. చీకట్లో వంగి, కూర్చుని పనిచేసేవాళ్లు చిరుతకు చిన్న జంతువులా కనపడతారు.

ఎదురుపడితే పరుగెత్తకండి, వంగకండి. పిల్లవాణ్ణి ఎత్తుకుని, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ, దానివైపే చూస్తూ వెనక్కి నడవండి. దానికి పోయే దారి వదలాలి. గదిలోకి దూరితే బయటినుంచి గడియ పెట్టి, అటవీశాఖ బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ముందే తలుపు మీద రాసి ఉంచుకోవాలి. మందిని పోగేయకండి. ఎటు చూసినా మనుషులే ఉంటే అది ఎవరి మీదైనా దూకుతుంది.

పట్టి ఇంకోచోట వదిలితే సరి అనుకునేవాళ్లు మహారాష్ట్రలోని జున్నర్‌ను చూడాలి. అక్కడ 2000 తర్వాతి తొలి ఏళ్లలో చిరుతల్ని పట్టి వేరే అడవుల్లో వదిలాక మనుషుల మీద దాడులు పెరిగాయని వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా అత్రేయ పరిశోధన చూపింది.

మేక పోతే పరిహారానికి కళేబరాన్ని కదపకండి, అటవీ సిబ్బంది వచ్చి పంచనామా రాయాలి, పశువైద్యుడు పరీక్షించాలి. విషం పూయాలన్న ఆలోచన వద్దు, అదీ నేరమే. తిన్నంత తిని మిగిల్చిన చోటికి చిరుత మర్నాటి రాత్రి మళ్లీ రావచ్చు. పంచనామా అయ్యాక పాతిపెట్టి, ఆ సాయంత్రమే తలుపు సరిచేయాలి. ఫొటోలో తలుపు లేదా సందు, గొంతు మీద పంటి గాట్లు, నేలమీద అడుగు జాడ ఉండాలి. గుండ్రంగా, గోళ్ల గుర్తు లేకుండా ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పుంటే చిరుత, గోళ్లు పడితే కుక్క. జాడ పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీస్తే కొలత విషయంలో తర్వాత వాదన ఉండదు.