ఆర్ఎక్స్ 580 ఇప్పుడు కొనవచ్చా? పాలకొల్లులో వాడి చూసిన మీదట

ఏఎండీ రేడియాన్ ఆర్ఎక్స్ 580, 8 జీబీ. 2017 ఏప్రిల్‌లో మార్కెట్లోకి వచ్చిన గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్‌లో ఆటల బొమ్మలు గీసే భాగం. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని కొన్నేళ్లుగా పాలకొల్లులో వాడుతున్నాను. ఈ మధ్య రాజోలు నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేసి, "బావా, 580 చవగ్గా వస్తోంది, తీసుకోమంటావా?" అని అడిగాడు. ఆడే ఆటలు కాస్త పాతవై, ఇంట్లో కరెంటు నిలకడగా ఉండి, ధర బాగా దిగితే తీసుకోవచ్చు. అందరూ ధర ఒక్కటే చూస్తారు. మన గోదావరి డెల్టాలో మాత్రం ముందు చూడాల్సింది కరెంటే.

ముందుగా ఆటల సంగతి. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్ మీద జీటీఏ 5, వాలొరంట్ లాంటివి ఏ ఇబ్బందీ లేకుండా ఆడుతుంది. ఎల్డెన్ రింగ్ మీడియంలో బాగానే నడుస్తుంది, పెద్ద మైదానాల్లో కాస్త తడబడుతుంది. సైబర్‌పంక్ 2077 ఆడాలంటే సెట్టింగులు బాగా దించి ఎఫ్ఎస్ఆర్ (చిన్న బొమ్మ గీసి దాన్ని పెద్దది చేసి చూపే ఏఎండీ పద్ధతి) పెట్టుకోవాలి. అప్పుడైనా సెకనుకు 60 ఫ్రేములు ఆశించవద్దు. ఈ వయసులోనూ కార్డును కాపాడుతున్నది దాని 8 జీబీ మెమరీ. అందుకే 4 జీబీ 580 ఎంత చవగ్గా వచ్చినా వద్దంటాను.

ఇక దీనివల్ల కానివి. రే ట్రేసింగ్‌కు, అంటే కాంతి పడే తీరును లెక్కగట్టి బొమ్మ గీయడానికి, కావలసిన హార్డ్‌వేర్ ఇందులో లేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు, 2025లో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్‌కు అది తప్పనిసరి. సెట్టింగులు ఎంత తగ్గించినా ఉపయోగం లేదు. పైగా 2023 చివరి నుంచి ఏఎండీ ఈ తరం కార్డుల డ్రైవర్లను (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) విడదీసి, ముఖ్యమైన మరమ్మతులకే పరిమితం చేసింది. అలాగని దీనికి పోటీ కార్డైన ఎన్విడియా జీటీఎక్స్ 1060 వైపు పరుగెత్తినా లాభం లేదు. ఆ తరానికి 2025 అక్టోబరుతో కొత్త ఆటల డ్రైవర్లు ఆగిపోయాయి, ఇక వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. లైనక్స్ వాడేవారికి మాత్రం మెసా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్లు 580ని ఇంకా బాగానే చూసుకుంటున్నాయి.

ఇప్పుడు కరెంటు. ఈ కార్డు ఒక్కటే 185 వాట్ల సరుకు. మిగతా కంప్యూటర్, మానిటర్ కలిపితే ఆట మధ్యలో సుమారు 300 వాట్లు లాగుతుంది. చాలా ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లే. అందులో బ్యాటరీకి రెండేళ్లు దాటాయంటే, కరెంటు పోగానే ఒక్క అరుపు అరిచి యూపీఎస్ కూడా ఆరిపోతుంది. సేవ్ చేసుకునే వ్యవధి కూడా ఉండదు.

దీనికి తోడు చేపల, రొయ్యల చెరువులు. రాత్రిళ్లు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు అప్పుడే ఎక్కువగా తిరుగుతాయి. మనం ఆటకు కూర్చునేదీ అప్పుడే. మా వీధిలో పది దాటాక వోల్టేజి దిగితే యూపీఎస్ లోపల రిలే (వోల్టేజి సరిచేసే స్విచ్) టక్కు టక్కుమంటూ ఉంటుంది. ఆ చప్పుడు మొదలైందంటే బాస్ ఫైట్ (ఆటలో పెద్ద శత్రువుతో పోరు) జోలికి వెళ్లను. 230 వోల్టుల దగ్గర తప్ప సరిగ్గా పని చేయని నాసిరకం ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) అయితే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. పాపం, నింద కార్డు మీద పడుతుంది.

అందుకే నేను రెండు మార్పులు చేసుకున్నాను. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో కోర్ వోల్టేజిని 1150 మిల్లీవోల్టుల నుంచి 1060కి దించాను. ప్రతి చిప్పూ ఇంత తగ్గింపును తట్టుకోదు, కొంచెం కొంచెంగా దించి చూసుకోవాలి. రెండోది, అదే సాఫ్ట్‌వేర్‌లోని రేడియాన్ చిల్ అనే సెట్టింగులో 60 ఫ్రేములకు కట్టడి పెట్టడం. ఈ రెండింటితో వేడి, చప్పుడు, యూపీఎస్ గోల మూడూ తగ్గాయి. వేగంలో తేడా నాకైతే కనిపించలేదు.

గాలిలో తేమ ఇంకో బాధ. ఇక్కడి దుమ్ము పొడిగా రాలిపోయేది కాదు, ఫ్యాన్ రెక్కల అంచున జిడ్డుగా పేరుకుంటుంది. బ్లోయర్ కొడితే పోదు, బ్రష్‌తో గీకాల్సిందే. మానిటర్ తీగలు తగిలించే వెనక రేకు మీద తుప్పు చుక్కలు వచ్చాయి. ఒక మే నెలలో ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటుతుంటే కార్డు విప్పాను. చిప్పు చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగు స్క్రూలు తీసి హీట్‌సింక్ పైకి లేపితే, చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ పేస్టు గోడ మీద ఎండిన సున్నంలా పెచ్చులుగా ఊడింది. కొత్త పేస్టు పెట్టాక 75 దగ్గర నిలిచింది. పాత కార్డు కొనేవారు ఈ పని నేర్చుకోవాలి, లేదా చేసేవారికి ఇచ్చే డబ్బు కూడా ధరలో కలుపుకోవాలి.

కొనేటప్పుడు కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్ తెరిపించి షేడర్ల (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) సంఖ్య చూడండి. అసలు 580కి 2304 ఉండాలి. 2048 కనిపిస్తే పేరుకే 580, లోపలున్నది దాదాపు దానికన్నా ఒక మెట్టు కింది ఆర్ఎక్స్ 570. మైనింగ్‌కు (క్రిప్టో కరెన్సీ సంపాదించడానికి) వాడిన కార్డు అనగానే భయపడనక్కర్లేదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి మైనింగ్ ఆగిపోయాక, సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిన వాటిలో చాలా భాగం అవే. అయితే బయోస్ (కార్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి వాడి ఉండవచ్చు, దాన్ని మళ్లీ అసలుదానికి మార్చి ఇమ్మనండి. అరగంట ఆట ఆడించి తెర మీద రంగు చుక్కలు వస్తున్నాయేమో చూడండి. అమ్మేవారి ఏసీ గదిలో చల్లగా కనిపించిన కార్డు మన ఇంట్లో అలాగే ఉంటుందనుకోవద్దు.

ధర విషయంలో నా లెక్క ఒక్కటే. వాడిన ఆర్ఎక్స్ 6600 ఎంతకు దొరుకుతోందో కనుక్కోండి, అందులో సగానికి మించి 580కి పెట్టవద్దు. 2021లో వచ్చిన ఆ కార్డు 132 వాట్లతోనే దీన్ని దాటిపోతుంది, రే ట్రేసింగ్ కూడా ఉంది. మన కరెంటుకు ఆ 53 వాట్ల తేడా చిన్నది కాదు.

ఇక ఫోన్ చేసిన మా బావమరిది దగ్గరున్న ఎస్ఎంపీఎస్‌కు ఈ కార్డుకు కరెంటు ఇచ్చే 8 పిన్ల వైరే లేదు. అమ్మేవాడు మోలెక్స్ (పాత రకం 4 పిన్ల ప్లగ్) నుంచి మార్చే అడాప్టర్ ఉచితంగా ఇస్తానన్నాడట. అలాంటి దాని మీద ఇంత లాగే కార్డును నడిపితే ప్లగ్ కరిగిపోవచ్చని చెప్పి, ముందు మంచి ఎస్ఎంపీఎస్ కొనుక్కోమన్నాను. 6600కు కూడా ఆ 8 పిన్ల వైరే కావాలి కాబట్టి, ఏది కొన్నా ఆ డబ్బు వృథా కాదు.