పరిషత్తు నాటకమా, థియేటర్ కోర్సా: ఏది మేలు?

డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, ఏవో రెండు మూడు నాటికల్లో వేషం వేసి, ఇక ఇక్కడే ఉండిపోదాం అనుకునే పిల్లలు అడిగే ప్రశ్న ఏళ్ల తరబడి మారడం లేదు. ఏదైనా ఉద్యోగం చూసుకుని, ఊళ్లోని నాటక సమాజంలో చేరి పరిషత్తులు పెట్టే నాటక పోటీల్లో వేస్తూ పోవాలా, అన్నీ పక్కనపెట్టి థియేటర్ ఆర్ట్స్‌లో చేరాలా? వాళ్ల అమ్మానాన్నలు అడిగేదీ ఇదే. కాకపోతే వాళ్లకు టెన్షన్ ఇంకాస్త ఎక్కువ.

ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడే దారిని తక్కువగా చూడకండి. తెలుగు నాటకం చాలావరకు పెరిగింది ఇలాగే. మహానటుడు బళ్లారి రాఘవ ప్లీడరు. ప్రజానాట్యమండలిలో ముందు నడిచిన గరికపాటి రాజారావు డాక్టరు. ఇప్పటికీ పరిషత్తు పోటీలకు వెళ్లి చూస్తే మేకప్ వేసుకుంటున్న వాళ్లలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు కనిపిస్తూనే ఉంటారు. నెల జీతం ఉంది కాబట్టి నచ్చని వేషాన్ని వద్దనగలరు. అది చిన్న స్వేచ్ఛ కాదు.

పైగా ఒకే నాటికను ఊరూరా తిరిగి ఆడటం పరిషత్తులోనే కుదురుతుంది. మొన్న గొల్లున నవ్విన డైలాగుకి ఇవాళ హాలు హాలంతా కదలకుండా కూర్చుంటుంది. మైకులు పనిచేయవు, స్టేజి సగం కొలతే ఉంటుంది, మన వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అయినా ఆడాలి. కోర్సులో నెలల తరబడి రిహార్సల్ చేసిన నాటకం రెండు మూడు ప్రదర్శనలతో ఆగిపోతుంది, చూసేవాళ్లలో సగం తోటి విద్యార్థులే. నటుడికి కావాల్సిన మొండితనం అక్కడ అంత తొందరగా రాదు.

ఇంతవరకు తూకం పరిషత్తు వైపే మొగ్గుతోంది కదా. కానీ నా దృష్టిలో అసలు విషయం నటన కాదు, రెండో పని. నాటకం మీద బతకాలనుకునే మనిషికి వేషం వేయడం కాక ఇంకేం వచ్చు? లైటింగా, ఆహార్యమా (మేకప్, దుస్తులు), సంగీతమా, రాయడమా, పిల్లలకు నేర్పడమా?

దీని లెక్క సులువు. మూడు రోజుల పోటీల్లో నటుడు మామూలుగా ఒక సమాజానికి, ఒక నాటికలో ఆడతాడు. మ్యూజిక్ ఆపరేట్ చేసే మనిషి, మేకప్ మనిషి అవే మూడు రోజుల్లో నాలుగైదు సమాజాలకు పనిచేయగలరు. ఉత్తమ నటుడి షీల్డు ఎవరికొచ్చినా వాళ్ల డబ్బులు వాళ్లకొస్తాయి. సీజన్ అయిపోయాక కూడా కాలేజీ వార్షికోత్సవమో, డాన్స్ కార్యక్రమమో ఉంటుంది. నటుడికి మాత్రం ఫోన్ రావాలి.

సురభి నాటక కుటుంబాలను చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాలు ఇన్ని తరాలు నాటకం మీదే నిలబడ్డాయంటే అదొక్క నటన వల్ల కాదు. వేషం కట్టేవాళ్లే తెర లాగుతారు, హార్మోనియం పట్టుకుంటారు, తీగల మీద మనిషిని గాల్లోకి లేపుతారు. పిల్లలు నడక నేర్చే వయసులోనే స్టేజి ఎక్కుతారు. అది మనందరికీ దొరికే శిక్షణ కాదు, ఆ ఇంట్లో పుట్టాలి. పుట్టనివాళ్లకు దానికి కాస్త దగ్గరగా వచ్చేది కోర్సే.

ఎందుకంటే మామూలు సమాజంలో బాగా నటించే కుర్రాణ్ణి ఎవరూ లైట్ల దగ్గరికి పోనివ్వరు. అతనికి వేషం ఇస్తారు, ఆ తర్వాత దానికంటే పెద్ద వేషం ఇస్తారు. రంగాలంకరణకు, ఆహార్యానికి బయటి నుంచి మనుషులొస్తారు. పదేళ్లు పోయాక చూస్తే చేతిలో షీల్డులుంటాయి, వేరే పని ఉండదు. కోర్సులో ఆ వెసులుబాటు లేదు. హీరో వేషం వేసిన వాడే తర్వాతి నాటకానికి సెట్‌కు మేకులు కొట్టాలి, ఆ తర్వాతి దానికి లైట్ల ప్లాన్ గీయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, తెలుగు విశ్వవిద్యాలయం లాంటి చోట్లకు వెళ్లేది ఇందుకోసం అయితే వెళ్లండి. నటన మెరుగవుతుందని మాత్రమే అయితే అంత అవసరం లేదు.

కాగితం విలువ సంగతీ చెప్పాలి. వేషానికి ఎవరూ డిగ్రీ అడగరు. కానీ యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే పీజీ, దాంతో పాటు నెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్షో, పీహెచ్‌డీనో కావాలి. యూజీసీ నెట్‌లో నాటకరంగానికి సబ్జెక్టు ఉంది. డ్రామా టీచర్‌ని పెట్టుకునే ప్రైవేటు స్కూళ్లు కూడా ముందు చూసేది సర్టిఫికెట్టే. పిల్లలకు నేర్పడం మీ రెండో పని అయితే, ఇక్కడితో చర్చ ముగిసినట్టే.

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా పేరు చెప్పి పరిషత్తును ఈసడించేవాళ్లు దాని నిబంధనలు ఒకసారి చదవాలి. 1959లో మొదలైన ఆ సంస్థలో మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. హిందీ, ఇంగ్లీషు పనికొచ్చేంత రావాలి. ఆ ఆరు నాటకాలు ఎక్కడ ఆడతారు మరి? ఊళ్లో సమాజంలోనే.

సినిమా, సీరియళ్లు? వస్తే చేయండి. అది ప్లాన్ కాదు. ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్ మాత్రం అందరూ ఇవ్వాలి. గొంతుకి గ్రేడు వస్తుంది, డబ్బింగ్‌కి ధైర్యం వస్తుంది. వారాంతపు వర్క్‌షాపులు పరిచయాలకు పనికొస్తాయి, అంతే.

ఇంటి బాధ్యత మీద ఉన్నవాళ్లకు నేను కోర్సు చెప్పను. ఉద్యోగం ఉంచుకుని, ఈ సీజన్‌లో ఒక వేషం వదులుకుని, లైట్ల మనిషి పక్కన కూర్చోండి. మొదట కేబుళ్లు చుట్టిస్తాడు, చుట్టండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసుండి, రెండేళ్లు ఇంట్లోవాళ్లు ఓర్చుకోగలిగితే కోర్సుకే నా ఓటు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్లలోపు వాళ్లకే. రెండేళ్ల పాటు నెలకు ₹5,000 వస్తుంది. గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలంటారు కాబట్టి, సమాజంలో చేరిన తేదీ నుంచీ కాగితాలు దాచుకోవడం మంచిది.

కోర్సులో చేరేముందు ఆ యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ శాఖకు ఒకసారి వెళ్లి సీనియర్లను మూడు ప్రశ్నలు అడగండి. ఏడాదికి ఎన్ని నాటకాలు తీస్తున్నారు? సొంత స్టేజి, లైట్లు ఉన్నాయా, ప్రతిసారీ అద్దెకు తెస్తున్నారా? మొదటి ఏడాది విద్యార్థిని లైటింగ్ బోర్డు ముట్టుకోనిస్తారా? మూడోదానికి లేదంటే ఇంకో కాలేజీ చూసుకోండి.