మాత్ర మేలా, కారణం వెతకడం మేలా?

మేధో వైకల్యం ఉన్న మనిషి కొడుతున్నాడనో, తల గోడకేసి బాదుకుంటున్నాడనో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చాలాసార్లు చీటీ మీద రిస్పెరిడోన్ లాంటి మందు రాసిస్తారు. నిజానికి ఇవి సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించడం, వినిపించడం, భ్రమల్లో ఉండటం లాంటి జబ్బు) మందులు. బ్రిటన్‌లో మేధో వైకల్యం ఉన్న 33 వేల మంది పెద్దల వైద్య రికార్డులు చూసి 2015లో ఒక లెక్క తేల్చారు: ఈ మందులు వాడుతున్నవారిలో 71 శాతానికి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నట్టు ఎక్కడా రాసిలేదు.

మరి మందు పనిచేస్తుందా? బ్రిటన్ మానసిక వైద్యుడు పీటర్ టైరర్ బృందం ఇంగ్లండ్, వేల్స్, ఆస్ట్రేలియాల్లో 86 మంది పెద్దవాళ్ల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. వీళ్లెవరికీ సైకోసిస్ లేదు, దూకుడు మాత్రం ఉంది. నాలుగు వారాల్లో అది రిస్పెరిడోన్‌తో 58 శాతం, అలాంటిదే మరో మందు హలోపెరిడాల్‌తో 65 శాతం తగ్గింది. మందే లేని ఉత్తుత్తి మాత్రతో? 79 శాతం! 86 మందితో మందు పనికిరాదని తేల్చేయలేం, నిజమే. కానీ మందు లేకుండానే అంత తగ్గిందంటే, ఎవరో వచ్చి పట్టించుకోవడమే సగం వైద్యమైందేమోనని నా అనుమానం.

పిల్లల దగ్గర కథ వేరు. అమెరికాలో ఆటిజం ఉన్న 101 మంది పిల్లల మీద 2002లో వచ్చిన అధ్యయనంలో, ఎనిమిది వారాలకి చిరాకు, దూకుడు రిస్పెరిడోన్‌తో 57 శాతం తగ్గితే, ఉత్తుత్తి మాత్రతో 14 శాతమే తగ్గాయి. అయితే మందు వేసుకున్న పిల్లలు సగటున 2.7 కిలోల బరువు పెరిగారు, రెండో గుంపు 0.8 కిలోలే.

ఇక రెండో దారి, కారణం వెతకడం. గొడవకి ముందు ఏం జరిగింది, తర్వాత ఎవరేం చేశారు అన్నది రోజూ రాసుకోవాలి. పన్నునొప్పా, చెవిపోటా, మలబద్ధకమా? అలవాటైన ఆయా మానేసిందా? ఇంట్లో ఎవరో పోతే ‘వాడికేం తెలుస్తుందిలే’ అని చెప్పకుండా దాచారా? మాట రానివాళ్లకి ఆ కొట్టడమే మాట. మన సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ) పిల్లల ప్రవర్తనని ఇలా అంచనా వేయడానికి 1992లోనే బేసిక్-ఎంఆర్ అనే కొలమానం తయారుచేసింది.

ఈ దారీ గులాబీల బాటేం కాదు. నిపుణుల బృందమే స్వయంగా రంగంలోకి దిగితే మేలు జరిగిందని 2009లో 63 మందితో చేసిన ఇంగ్లండ్ అధ్యయనం చెప్పింది. కానీ 2018లో వచ్చిన మరో అధ్యయనంలో, 23 బృందాల సిబ్బందికి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి ఊరుకుంటే, 246 మందిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

నా ఓటు: పెద్దవాళ్లకి సైకోసిస్ లేనప్పుడు ముందు కారణం వెతకాలి. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మందు వాడాల్సిందే, కానీ గడువు పెట్టుకుని. ఆరు వారాల్లో గుణం కనిపించకపోతే ఆపమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ చెబుతుంది. ఆపడం మాత్రం డాక్టరు చెప్పినట్టే. ఆటిజం పిల్లల్లో తీవ్రమైన దూకుడుంటే రెండూ కలపడమే నయం. 2009లో 124 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో, మందుకి తోడు తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చిన ఇళ్లలో ఫలితం మెరుగ్గా వచ్చింది. పైగా వాళ్లకి మందు మోతాదు కూడా కాస్త తక్కువే పట్టింది.