తోటలోని వైర్‌లెస్ డబ్బా: రేడియోకు వంక లేదు, మూతతోనే తంటా

గార్లదిన్నెలో మా మిద్దె మీద ఒకటి, చీనీ తోటలో స్తంభం మీద ఒకటి, తోట కెమెరాలను వైర్లు లేకుండా ఇంటికి కలిపేందుకు జతగా బిగించిన 5 గిగాహెర్ట్జ్ రేడియో డబ్బాలు ఇవి. ఫీచర్లు, స్పీడు లెక్కలు అన్నిచోట్లా దొరుకుతాయి, వాటి జోలికి పోను. డబ్బా అడుగున, డేటానూ కరెంటునూ కలిపి మోసే లాన్ వైరు దూరే చోట ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. నా కోపమంతా దాని మీదే.

2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగిన వానల్లో కూడా మా తోట కెమెరాలు నిలకడగా నడిచాయి. అడిగినవాళ్లందరికీ ధైర్యంగా కొనమన్నాను. అప్పటికి డబ్బా కొత్తది, మూత గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మెప్పును అంతవరకే తీసుకోండి.

పోయిన మేలో గాలివాన వచ్చింది. పక్క తోటలో అరటి గెలలతో సహా నేలకొరిగింది. తెల్లారి చూస్తే కెమెరాలు పనిచేయడం లేదు. షాపబ్బాయి ఫోన్లోనే తేల్చేశాడు: "ఉరుము దెబ్బకు బోర్డు పోయింటాది అన్నా, కొత్తది ఏసుకో." కానీ మధ్యాహ్నానికి లింకు తనంతట తానే వచ్చింది. మరుసటి తెల్లవారుజామున మళ్లీ పోయింది, ఎండెక్కాక మళ్లీ వచ్చింది. పిడుగుకు కాలిన బోర్డు ఇలా వచ్చిపోదు. ఎక్కడో తడి ఉందని అప్పుడే అనుమానమొచ్చింది.

లింకు ఉన్నప్పుడు ఇంటి నుంచే తోట డబ్బా సెట్టింగుల పేజీ తెరిచాను. సిగ్నల్ మైనస్ 61, ఎప్పటిలాగే. అంటే గాలికి డబ్బా పక్కకు తిరగలేదు, రేడియో బాగుంది. లాన్ స్పీడు మాత్రం 100 ఎంబీపీఎస్ ఉండాల్సింది 10 చూపిస్తోంది. ఆన్ అయి ఎంతసేపయిందో చూస్తే కొన్ని నిమిషాలే, అంటే మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది. వైరులోనే ఏదో ఉంది.

కరెంటు ఆపి నిచ్చెనెక్కి మూత మీద చెయ్యి వేశానో లేదో పెళుసుగా విరిగి ముక్కలు రాలాయి. లోపల జాక్‌లో 4, 5 పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. మా డబ్బాకు 24 వోల్టుల ప్లస్ వెళ్లేది ఆ రెండింట్లోనే. తడిలో కరెంటు పారితే ప్లస్ వైపు లోహమే ముందు తినేసుకుపోతుంది. అంతకన్నా ఆశ్చర్యం కింద షెడ్డులో. అడాప్టర్ నుంచి వైరు తీస్తే దాని కొసన నీటి బొట్టు! పైన దూరిన నీళ్లు వైరు తొడుగు లోపలి నుంచే స్తంభం పొడవునా దిగి వచ్చాయి. అలాంటి వైరుకు కొస కత్తిరించి కొత్త జాక్ వేసి లాభం లేదు. మొత్తం మార్చేశాను, ఎండకు తట్టుకునే నల్ల తొడుగుది, అచ్చం రాగి తీగలది.

డబ్బా వైపు పిన్నులను సెల్‌ఫోన్ రిపేరు షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడిచి, నీడలో బాగా ఆరాకే కరెంటిచ్చాను. స్పీడు 100కి వచ్చింది, తెల్లవారుజాము ఆటంకం పోయింది. ఇప్పుడు మూత స్థానంలో సాగదీసి చుట్టే రబ్బరు టేపు ఉంది. అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాన్ని మాత్రం మూయలేదు. వైరును డబ్బా కింద ఒక వంపు తిప్పి కట్టాను, నీళ్లు అక్కడే జారిపోతాయి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గమ్ మాత్రం పుయ్యొద్దు, అది ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం రాగిని తింటుంది.

పెట్టె మీద రాసే ఐపీ రేటింగ్ దుమ్ముకు, నీళ్లకు చేసే పరీక్ష. ఎండకు ఆ ప్లాస్టిక్ ఎన్నేళ్లు ఆగుతుందో అందులో ఉండదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది, నీళ్ల గురించి ఎవరికీ బెంగ ఉండదు. మూడు నాలుగు ఎండాకాలాలు మూతను పెళుసు చేశాక ఒక్క గాలివాన చాలు. ఇంత మంచి రేడియో చేసినవాళ్లు ఆ మూతకు కాస్త మేలైన ప్లాస్టిక్ వేయలేరా? పోనీ విడిగా అమ్ముతారా అంటే నేను అడిగిన షాపుల్లో ఎక్కడా లేదు.

మళ్లీ కొంటారా అంటే, మా తోటలో సెల్ సిగ్నల్ సరిగా అందదు, ఇంటి మిద్దె నుంచి స్తంభం అడ్డం లేకుండా కనిపిస్తుంది, కాబట్టి నేనైతే కొంటాను. టవర్ దగ్గరున్న తోటకు సిమ్ కెమెరా చాలు. నీడపట్టున బిగించే వీలున్నవాళ్లకు ఈ మూత బాధ ఇంత త్వరగా రాకపోవచ్చు. మిద్దె మీది రెండో డబ్బాకు కూడా మూత నెర్రెలిచ్చింది, వచ్చే వానలకు ముందే దానికీ టేపు చుట్టాలి.