హోఖ్‌డార్ఫ్ కెల్టిక్ మ్యూజియం: సమాధి గదిలోకి దిగి చూడాల్సిందే

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గరి ఈ మ్యూజియంలో ఉన్నవి, ప్రాచీన యూరప్ జాతి అయిన కెల్టుల దొర ఒకరి సమాధిలో దొరికిన వస్తువుల నకళ్లే. 1978-79లో తవ్విన అసలు వస్తువులు స్టుట్‌గార్ట్ పాత కోటలో ఉన్నాయి, ముందే తెలుసుకుని వెళ్లండి. అయినా ఇక్కడి సమాధి గది నమూనాకే ఎక్కువ మార్కులు. క్రీ.పూ. 530 ప్రాంతపు ఆ దొరను 2.75 మీటర్ల కంచు సోఫా మీద పడుకోబెట్టారు. దాన్ని మోసే ఎనిమిది స్త్రీ బొమ్మల కాళ్ల కింద చక్రాలు చూడటం మరవద్దు. పక్కనే 500 లీటర్లు పట్టే గ్రీకు గంగాళం, అందులో తేనెను పులియబెట్టిన మద్యం. అంచున మూడు సింహాల్లో ఒకటి స్థానిక పనివాడు పోసింది, తేడా ఇట్టే తెలిసిపోతుంది. తాగడానికి తొమ్మిది కొమ్ములు, తినడానికి తొమ్మిది కంచు పళ్లేలు: పరలోకంలోనూ విందు ఆగకూడదన్నమాట! బూట్ల బంగారు తొడుగులు మాత్రం కుడిఎడమలు తారుమారయ్యాయి.