నైట్రో స్టౌట్ ఇంట్లో: డబ్బా చాలా, కెగ్ పెట్టాలా?

డాలస్‌లో మా గరాజ్ కెగరేటర్‌లో (బీరు పీపా, అంటే కెగ్, లోపల పెట్టి పైన ట్యాప్ బిగించిన ఫ్రిజ్) ఎప్పుడూ లాగరే, అంటే మామూలు బంగారు రంగు బీరే ఉంటుంది. వచ్చినవాళ్లలో ఒకరైనా "గిన్నిస్‌లా మీగడ కట్టేది రాదా నీ ట్యాప్‌లో?" అనడం, నాకు రోషం రావడం మామూలైపోయింది. దాంతో ఒక స్టౌట్, అంటే గిన్నిస్ రకం నల్ల బీరు, ఇంట్లోనే బ్రూ చేసి, స్టౌట్ ట్యాప్ కొని, ఉన్న సీఓ2 సిలిండర్‌కే తగిలించి ప్రెషర్ 30 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్క) పెంచాను. మొదటి రోజు గ్లాసులు అదిరాయి. వారం తిరిగేసరికి గ్లాసు నిండా నురగ, అడుగున రెండు వేళ్ల బీరు. తాటికల్లు లొట్టి పొంగినా అంత నురగ రాదు.

తప్పు ట్యాప్‌ది కాదు. దాని లోపల రెస్ట్రిక్టర్ ప్లేట్ అని ఒక చిన్న బిళ్ల, దానికి ఐదు సన్న చిల్లులు. వాటిలోంచి బీరు దూరాలంటే 30, 35 పీఎస్ఐ తొయ్యాల్సిందే. తోసేది ఉత్త సీఓ2 అయితే ఆ ప్రెషర్‌కి బీరు దాన్ని తాగేసి సోడా అయిపోతుంది. అందుకే బీర్ గ్యాస్: 75 శాతం నైట్రోజన్, 25 శాతం సీఓ2. నైట్రో అనే పేరు ఈ నైట్రోజన్ వల్లే. నైట్రోజన్ బీరులో సరిగా కరగదు, తోసిపెడుతుంది అంతే. లెక్క చూడండి. 35కి గాలి ఒత్తిడి 15 కలిపితే 50, అందులో సీఓ2 వాటా పన్నెండున్నర. 3, 4 డిగ్రీల చల్లదనంలో అది స్టౌట్‌కి కావలసిన 1.2 వాల్యూముల దగ్గర, అంటే లీటరు బీరులో 1.2 లీటర్ల సీఓ2 కరిగిన దగ్గర, ఆగుతుంది. లాగర్‌లో ఇది దాదాపు రెండున్నర ఉంటుంది. కాబట్టి లాగర్‌లా గ్యాస్ ఎక్కించేసిన కెగ్‌ని తెచ్చి స్టౌట్ ట్యాప్‌కి పెడితే బీర్ గ్యాస్ కూడా కాపాడలేదు.

ఖర్చు ఇక్కడే. నైట్రోజన్ కలిసిన సిలిండర్‌కి సీజీఏ 580 అనే కొలత వాల్వ్ ఉంటుంది, సీఓ2ది 320. పాత రెగ్యులేటర్ (సిలిండర్ ప్రెషర్‌ని తగ్గించి ఇచ్చేది) దానికి పట్టదు, ఇంకోటి కొనాలి. పైగా సీఓ2 సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, బీర్ గ్యాస్ గ్యాస్‌గానే ఉంటుంది. 20 క్యూబిక్ అడుగుల సిలిండర్ లెక్క ప్రకారం 19 లీటర్ల కెగ్‌లు ఏడెనిమిదింటికి వస్తుంది. ఎక్కడో సన్నగా లీకైతే ఒక్కటికీ రాదు. ఒక మేలుంది: దీని మీటర్ ముల్లు చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. సీఓ2 ముల్లు ఖాళీ అయ్యేదాకా నిండుగానే చూపిస్తుంది.

మరి డబ్బా? లోపల విడ్జెట్, అంటే మూత తియ్యగానే నైట్రోజన్ చిమ్మే చిన్న ప్లాస్టిక్ ముక్క, ఉన్న గిన్నిస్ డబ్బా 1988 నుంచీ ఉంది. బాగా చల్లబరిచి, మూత లాగి, గ్లాసులోకి ఒక్కసారిగా వంపితే చాలు. మీగడ వస్తుంది. ట్యాప్ మీగడ ఇంకాస్త చిక్కన, చివరి గుక్కదాకా నిలుస్తుంది. కళ్లకు గంతలు కట్టి తాగిస్తే తేడా పట్టే వాళ్లు తక్కువే, నేను పట్టగలనని బల్ల గుద్ది చెప్పలేను.

మూడో దారి చవకది. పిల్లల సిరప్ సిరంజి కొత్తది ఒకటి తీసుకుని, మామూలు ట్యాప్‌లో పట్టిన స్టౌట్‌ని కొంచెం లాగి, తిరిగి గ్లాసులోకే గట్టిగా చిమ్మండి. పైన మెత్తటి నురగ కడుతుంది. నాలుక మీద మాత్రం సీఓ2 చురుకు అలాగే ఉంటుంది. నలుగురి ముందు సిరంజి తియ్యాలంటే నాకు సిగ్గు.

నెలకి నాలుగైదు గ్లాసులు తాగేవాళ్లు డబ్బా దాటి ఆలోచించక్కర్లేదు. స్టౌట్ సొంతంగా బ్రూ చేసేవాళ్లకి డబ్బా పనికిరాదు కదా, వాళ్లకి బీర్ గ్యాస్ పెట్టుబడి దండగ కాదు. నేను అదే చేశాను. గ్లాసు వాల్చి ముప్పాతిక నింపి ఆగుతాను. బుడగలు గోడ వెంబడి కిందికి జారుతూ నలుపు తేలాక మిగతాది. గిన్నిస్ వాళ్లు దీనికి 119.5 సెకన్లు అంటారు. మా గరాజ్‌లో అంతసేపు ఆగిన చుట్టం ఇంకా రాలేదు. ధార సన్నబడిందంటే మాత్రం గ్యాస్‌ని అనుమానించకండి, ముందు ఆ ఐదు చిల్లుల బిళ్ల విప్పి కడగండి.